పటంలో లేని చైనాకు పెట్టుపోతలు

పరీక్షకు పిలిచిన ఆటగాళ్లలో ఒక్కరంటే ఒక్కరు చైనాకు రాయబారిని పంపలేదు. యుద్ధాలు చేశారు, కోటలు కట్టారు, సొంత బావమరుదులను చెరలో వేశారు, అవసరం లేని ఏనుగులను కొన్నారు. పటం కుడి అంచున అలల మీద ఊగుతూ నిలబడిన చిన్న ఓడను మాత్రం ఎవరూ కదిలించలేదు. హైదరాబాదు నుంచి వచ్చిన ఆ సమాచారాన్ని కంప్యూటర్ తెరమీద చదివి, మమత విసురుగా కుర్చీని వెనక్కి నెట్టి లేచింది. ఆ గదిలో లేచినవారికి నడిచే చోటు లేదు. ఒక పక్క నూలు కండెల బుట్టలు, ఇంకో పక్క బియ్యం డ్రమ్ము. లేచినది లేచినట్టే మళ్లీ కూర్చుంది.

"ఏమైందే? ఎవరన్న పొయిన్రా?" అని వాకిట్లోంచి తల్లి దేవమ్మ కేకవేసింది.

"ఎవ్వరు పోలే. అదే నా బాధ. చైనాకు ఎవ్వరు పోలే."

"పోకుంటే పోనియ్యి. గాడ మనోళ్లెవరున్నరు?"

గోడ అవతల తండ్రి అనంతయ్య మగ్గం ఒక్క క్షణం ఆగింది. ఆయన నవ్వుతున్నాడని మమతకు తెలుసు. 

మమత గద్వాలలో నేతపని చేసుకునే ఇంటి రెండో కూతురు. అక్క శిల్పకు అయిజ ఊరి సంబంధం కుదిరిన ఏడాది ఈమె చరిత్రలో ఎం.ఏ. పూర్తిచేసింది. వనపర్తిలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో కొంతకాలం పాఠాలు చెప్పింది. చరిత్ర తీసుకునే పిల్లలు ఏటేటా తగ్గి, చివరకు ఆ తరగతే మూతపడింది. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి కాబట్టి, హైదరాబాదులో కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఒక చిన్న సంస్థకు తెలుగులో మాటలు రాసిపెట్టే పనికి దరఖాస్తు చేసింది. వారు రమ్మన్నారు, ఈమె ఇంటి నుంచే రాస్తానన్నది, వారు సరేనన్నారు. అప్పటినుంచి మగ్గం పక్క గదిలో ఆమె కొలువు.

ఆ సంస్థ తయారుచేస్తున్న ఆట పేరు 'ఏడు తీరాలు'. ఆడేవారు వెయ్యేళ్ల కిందటి రాజులలో ఒకరిని ఎంచుకుని, ఓడలు నడిపి, సంధులు చేసి, అవసరమైతే యుద్ధాలు చేసి రాజ్యాన్ని పెంచుకోవాలి. పటం పడమట అరబ్బు తీరంతో మొదలై తూర్పున సుమత్రా దీవి దగ్గర ముగుస్తుంది. చైనా అందులో లేదు. సంస్థను నడిపే శ్రవణ్ కుమార్ మొదట దాని ఊసే వద్దన్నాడు. అంత పెద్ద సామ్రాజ్యాన్ని పటంలో దించితే మిగిలిన రాజ్యాలన్నీ దాని నోట్లోకి పోతాయన్నది ఆయన భయం. ఆ భయంలో న్యాయం ఉంది.

మమత ఒప్పుకోలేదు. చైనా పటంలో ఉండనక్కరలేదు, ఆటలో మాత్రం ఉండితీరాలి అన్నది. ఈ ఆలోచన ఆమెకు పుస్తకాలలోకంటే ముందు ఇంట్లోనే దొరికింది. ఆమె చిన్నప్పుడు, పట్టు నూలు కోసం వెళ్లిన తండ్రి ఉత్త చేతులతో తిరిగివచ్చి, "చైనాల ఏదో అయ్యిందంట, పట్టు పిరమైంది" అని గుమ్మంలో కూర్చునేవాడు. ఆ చైనాను ఆయన చూడలేదు. చూడాలనీ అనుకోలేదు. కనిపించని ఒక కొలువులో ఎవరో ఏదో అనుకుంటే గద్వాలలో ఒక మగ్గం ఆగిపోతుంది. అదే ఆటలోనూ ఉండాలని మమత కోరిక. ఓడ ఎక్కి రాయబారి వెళతాడు, ముత్యాలో మిరియాలో సమర్పిస్తాడు, ఏడాదికి తిరిగివస్తాడు. వెంట పట్టుబట్టలూ, పింగాణీ పాత్రలూ, ఒక బిరుదూ వస్తాయి. ఒక్కోసారి రాయబారే రాడు. ఎందుకు రాలేదో చెప్పేవారుండరు.

చక్రవర్తి పంపే లేఖలను ఆమె ఎంత శ్రద్ధగా రాసిందంటే, వాటిలో ఎక్కడా 'నేను' అన్న మాట రానివ్వలేదు. "ముత్యాలు చూడడమైనది. సముద్రం దాటిన శ్రమ తెలిసినది. వచ్చినవారికి విడిది ఏర్పరచడమైనది." చూసినదెవరు, తెలుసుకున్నదెవరు అన్నది చదివేవారే అధ్యాహారం చేసుకోవాలి. కర్తను చెప్పకుండానే వాక్యాన్ని నిలబెట్టగల వెసులుబాటు మన భాషకు ఉంది. పటంలో లేని చక్రవర్తికి వాక్యంలో లేని కర్త తగినవాడని ఆమె మురిసిపోయింది. ఏడాది పని అది. దాన్ని ఇప్పుడు ఎవరూ తెరిచి చూడలేదు.

మధ్యాహ్నం శ్రవణ్ కుమార్ ఫోన్ చేశాడు.

"మమతగారూ, నేను ముందే అన్నాను. కనిపించని దాన్ని ఎవరు పట్టించుకుంటారండీ?"

"గాలి కనిపిస్తుందా సర్? ఓడలు నడుస్తలేవా?"

"గాలికి మనం బటన్ పెట్టలేదు కదా. దీనికి పెట్టాం, ఎవరూ నొక్కడం లేదు." ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "వచ్చే నెల ఇంకొక పరీక్ష ఉంది. అప్పుడు కూడా ఇంతే అయితే చైనా మొత్తం తీసేద్దాం. ఏమనుకోకండి."

ఏమీ అనుకోనని చెప్పి ఫోన్ పెట్టేసి, చాలానే అనుకుంది.

ఆటను పరీక్షించిన వారిలో హరీష్ అనే డిగ్రీ విద్యార్థి నాగర్‌కర్నూలు నుంచి ఆడతాడు. మాటకారి. అతడిని నేరుగా అడిగితే నిజం తెలుస్తుందని మమత ఫోన్ చేసింది.

"ఓడను చూడలేదా తమ్ముడూ?"

"ఎందుకు చూడలే అక్కా, నొక్కిన. 'చైనా చక్రవర్తికి కప్పం చెల్లించవలెను' అని వచ్చింది. మూసేసిన."

"ఎందుకు మూసేసినవు? నువ్వు పంపినదానికి రెండింతలు తిరిగొస్తది. కింద రాసే ఉంది కద."

"రెండింతలొచ్చినా కప్పం కప్పమే గదక్కా. నేను తుంగభద్ర నుంచి సముద్రం దాక గెలుచుకుంట వచ్చిన. ఇప్పుడు పొయ్యి ఎవనికో వంగాల్నా? వాడొచ్చి యుద్ధం చేసి గెలువనీ, అప్పుడు కడత."

"వాళ్లు యుద్ధానికి రారు."

"యుద్ధం చెయ్యనోనికి కప్పమేందక్కా?"

 మమత దగ్గర ఉన్న జవాబు ఒక తరగతి గంటంత పొడవు. చోళరాజులు సముద్రం మీద చైనాకు రాయబారాలు పంపారు. పంపినదానిని అక్కడివారు కప్పంగానే రాసుకున్నారు. అయినా చోళరాజు ఎవరికీ సామంతుడు కాలేదు. ఇదంతా పుస్తకాలలో ఉన్నదే. పుస్తకంలో ఉన్న మాటను ఆటగాళ్ల పౌరుషం కోసం మార్చడం అబద్ధమని ఆమె పట్టుదల. మాట మార్చకుండా మిగిలినదంతా మార్చింది. బహుమతులు మూడింతలు చేసింది. ఓడకు బంగారు తెరచాప వేయించింది. కప్పం కట్టినవారికి తుపాన్లు తగలవన్నది. హరీష్‌నూ, అతని హాస్టల్ మిత్రులనూ బతిమాలి ఆడించింది. వారు తెరచాపను మెచ్చుకుని, కప్పం దగ్గరికి రాగానే మూసేశారు.

శ్రవణ్ కుమార్ ఒక ఉపాయం చెప్పాడు. "కప్పం కట్టనివారి మీదికి చైనా సైన్యం వచ్చేలా పెట్టండి. భయంతో అయినా పంపుతారు."

"ఎక్కడి నుంచి వస్తది సర్ ఆ సైన్యం? పటంలో ఊరే లేదు."

"అంచు నుంచి ఊడిపడుతుంది."

"ఊడిపడితే అది దయ్యం సర్, సామ్రాజ్యం కాదు."

ఆ వాదన అక్కడితో ఆగిపోయింది. పరీక్ష గడువు ఆగలేదు.

ఇంతలో శిల్పకు ఒడిబియ్యం పోయాలని ఇంట్లో నిశ్చయించారు. పెళ్లయిన ఆడపిల్లను పుట్టింటికి పిలిచి, పసుపు కలిపిన బియ్యాన్ని ఎండుకొబ్బరి కుడుకలూ ఖర్జూరాలతో ఒడిలో పోసి, ఆమెకూ అత్తింటివారికీ కొత్తబట్టలు పెట్టడం ఇక్కడి ఆచారం. అయిజ నుంచి శిల్ప అత్తగారు జములమ్మ ఒక పెద్ద సంచితో దిగింది. ఆ సంచిలో ఈ ఇంటివారికి బట్టలు. తిరుగు ప్రయాణానికి ఆ సంచి ఖాళీగా వెళ్లకూడదని ఇటువైపు పట్టింపు. మమత కంప్యూటర్ మూసి, మొహం గంటుపెట్టుకునే వచ్చినవారికి నీళ్లిచ్చింది.

శిల్ప పీటమీద కూర్చుంది. ముత్తైదువలు బియ్యం పోశారు. ఆ తరువాత దేవమ్మ వియ్యపురాలిని చాపమీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, చీర ఒడిలో పెట్టింది. జములమ్మ మడత విప్పింది. కొంగు చూసింది, అంచు చూసింది, చివరకు ఒక మూలను వేళ్లతో పట్టుకుని వెలుతురుకు ఎత్తింది.

"వదినే, ఈ చీరె నాకు ఎర్కున్న చీరె లెక్కనే ఉన్నదే."

"ఉంటది వదినే. దుకాణంల ఒక్క తీరువి శాన ఉంటయి."

"ఒక్క తీరువి ఉంటయి, ఒప్పుకుంట. దుకాణపోడు మూలకు పసుపు గూడ పెట్టిస్తుండా? ఇది మీరు ఇంటికి స్లాబ్ ఏసుకున్నప్పుడు నా చేతులతోని పెట్టిన పసుపు. చూడు, ఎండి రాలుతుంది."

కొత్తబట్ట పెట్టేముందు మూలకు పసుపు అద్దుతారు. దేవమ్మ తొందరలో ఒక మూలకు తడిపసుపు అద్దింది. ఎదుటి మూలను చూడలేదు. ఆ మూలన పాత పసుపు గోధుమరంగుకు తిరిగి పెళుసుగా ఉంది. పెట్టినవారి చీర పెట్టినవారికే తిరిగివెళ్లింది. చాపమీద కూర్చున్నవారిలో ఎవరో కిసుక్కుమన్నారు.

"బీరువల రెండు మూటలుండె వదినే. తెల్వక, వచ్చిన చీరెల మూటకెళ్లి తీసిన," అంది దేవమ్మ, చెంగుతో మొహం తుడుచుకుంటూ.

"మగ్గమున్న ఇల్లు! ఊరందరికి చీరెలు నేస్తరు, వియ్యపురాలి కాడికొస్తే నా చీరె నాకే పెడుతున్రు. పెట్టకుంటే పెట్టలేదని ఊకుందు. ఇదేంది?"

"అత్తమ్మా, జర ఊకోరాదు," అంది శిల్ప పీటమీది నుంచి. "ఒడి నిండ బియ్యం వట్టుకొని కూసున్న. లేస్తే అన్నీ పోతయి."

దేవమ్మ లోపలికి వెళ్లింది. బీరువా తలుపు చప్పుడైంది. తిరిగివచ్చినప్పుడు ఆమె చేతిలో నీలిరంగు నూలుచీర, పట్టు అంచు, పట్టు కొంగు. అనంతయ్య సొంతంగా నేసి మమత కోసం దాచినది. మమత నోరు తెరిచింది. తల్లి చూపు చూసి మూసుకుంది. దేవమ్మ నాలుగు మూలలకూ పసుపు అద్ది, మళ్లీ బొట్టు పెట్టి, చీర పెట్టింది.

జములమ్మ అంచును బొటనవేలితో నిమిరింది. "నేను చీరె కోసం అన్ననా వదినే? మాటకన్న." అంటూనే దాన్ని సంచిలో అన్నిటికంటే అడుగున భద్రంగా పెట్టుకుంది. వెళ్లేముందు గుమ్మంలో నిలబడి, "అయిజకు రాండ్రి. మేం గూడ తక్కువ పెట్టం," అంది.

"రాకుంటే నువ్వు ఊకుంటవా?" అని దేవమ్మ అన్నది. ఇద్దరూ నవ్వుకున్నారు.

బండి మలుపు తిరగగానే మమత తల్లిమీద విరుచుకుపడింది. "నా చీరె అది! ఒక్కసారన్న కట్టుకోలే."

"ఊకోయే. పొద్దుమాపు కంప్యూటర్ ముందట కూసునేదానికి పట్టంచెందుకు? వియ్యాలోళ్లతోని పెట్టుపోతలంటే గిట్లనే ఉంటయి. జర ఎక్కువ పోతది, జర ఎక్కువ వస్తది."

మమత ఇంకేదో అనబోయి ఆగింది. కోపం తగ్గి కాదు. ఒక మాట చెవిలో పడి.

ఈ గొడవంతటిలో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న ప్రశ్నే తప్ప ఇంకొకటి లేదు. అయినా ఆ ప్రశ్నను ఎవరూ నోటితో అడగలేదు. జములమ్మ బరువైన సంచితో వెళ్లి తానే గెలిచాననుకుంటున్నది. దేవమ్మ ఎక్కువ పెట్టి తానే గెలిచాననుకుంటున్నది. ఎవరి ఇంట్లో వారు పెద్ద. కప్పం అన్న మాట ఈ పని చేయదు. దానికి అతికే క్రియలు రెండే: కట్టు, చెల్లించు. రెండింటా కర్త తలవంచినవాడే. పెట్టుపోతలు అలా కాదు. పెట్టడం ఒకటి, పోయడం ఒకటి; ద్వంద్వ సమాసం. ద్వంద్వంలో రెండు పదాలకూ సమప్రాధాన్యం అని తొమ్మిదో తరగతి పిల్లలైనా అప్పగిస్తారు. పెట్టినదెవరో పోసినదెవరో ఆ మాట చెప్పదు. చెప్పకపోవడమే దాని మర్యాద.

ఏడాదిగా తాను పట్టుకుని కూర్చున్నది ఓడ పంపిన కొలువు మాట కాదు, చైనా కొలువులో లెక్కలు రాసేవారి మాట అని మమతకు అప్పుడు తట్టింది. వారు కప్పమని రాసుకున్నారు, నిజమే. పంపినవాడు ఏమని రాసుకున్నాడు?

మరునాటి నుంచి ఓడను నొక్కితే రెండు పత్రాలు తెరుచుకుంటాయి. ఒకటి ఆటగాడి ఆస్థానంలో రాసినది: "తూర్పు చక్రవర్తితో పెట్టుపోతలు." రెండోది చైనా లిపిలో, ఆటగాడు చదవలేనిది. అందులో కప్పమనే ఉంది. అబద్ధం రాయలేదు. ఇంకొక నియమమూ చేర్చింది: ఆ కొలువు నుంచి వచ్చిన పట్టునే తిరిగి ఆ కొలువుకు పంపితే, వారు అంచున ఉన్న ముద్రను గుర్తుపడతారు. దండెత్తరు, తిట్టరు. మూటను విప్పకుండా తిప్పి పంపుతారు. ఒక తరం గడిచేదాకా ఓడను రేవులోకి రానివ్వరు.

పరీక్ష మొదలైన రోజునే హరీష్ ఫోన్ చేశాడు.

"అక్కా, చైనోడు నా మూట వాపస్ పంపిండక్కా!"

"ఏం పంపినవు?"

"ఆయన పంపిన పట్టే. ఆయనకేం ఎర్కైతది, దేశం అంతుంది అనుకున్న. 'మూట చూడడమైనది' అని ఒక్క ముక్క రాసిండు. గంతే. తిట్టన్న తిట్టలే అక్కా! ఇజ్జత్ పాయె. పక్క రాజులందరు నన్ను చూసి నవ్వుతున్రు."

చాలా రోజులకు మమత ఆ రోజు అన్నం వేడిగా తిన్నది.

దాదాపు అందరూ రాయబారులను పంపారు. కొందరు యుద్ధాలు మాని, రాబోయే ఓడకోసం ఎదురుచూశారు. శ్రవణ్ కుమార్ ఫోన్ ఈసారి ఉత్సాహంగా మోగింది.

"అద్భుతం మమతగారూ! అందరూ చైనా గురించే మాట్లాడుతున్నారు. అందుకే అనుకుంటున్నాను, దాన్ని పటంలోకి తెద్దాం. రాజధానిని ముట్టడించే వీలు కల్పిద్దాం."

"సర్, ఆటగాళ్లు ఓడ పంపుతున్నదే తాము అక్కడికి పోలేరు కాబట్టి."

"పోయేలా చేస్తే ఇంకా ఎక్కువ ఆడతారు కదా."

"వియ్యాలవారింటిని ముట్టడిస్తామా సర్?"

"ఆటే కదండీ. ఓడిపోయినప్పుడు చక్రవర్తి ఏమంటాడో ఒక నాలుగు వాక్యాలు రాసి పంపండి. తొందర లేదు, సాయంత్రానికి చాలు."

ఆమె రాయడానికి కూర్చుంది. "నేను ఓడిపోయాను" అని రాసి కొట్టేసింది. "ఓటమి చూడడమైనది" అని రాసింది. అది వెక్కిరింతలా ఉంది. పటంలో చోటూ, తల మీద కిరీటమూ, చుట్టూ శత్రువులూ ఉన్నవాడు కర్తను దాచుకోలేడు. సాయంత్రానికి వాక్యాలకు బదులుగా ఒక పొడవైన ఉత్తరం పంపింది. కనిపించని కొలువు ఎందుకు కనిపించకూడదో, చరిత్రతో, ఆటతో, వ్యాకరణంతో సహా నచ్చజెప్పింది. ఒక్క అక్షరదోషం లేకుండా రెండుసార్లు సరిచూసుకుంది. ఆ నాలుగు వాక్యాలు తాను రాయననీ, కావాలంటే ఇంకెవరిచేతనైనా రాయించుకోవచ్చనీ చివర రాసింది. పని పోతుందని తెలిసే రాసింది.

జవాబు రాలేదు. రోజూ ఉదయం చూసుకునేది. పలకరింపు కూడా లేదు. అనంతయ్య, "ఏమన్న చెప్పిన్రా బిడ్డా?" అని అడగడం మానేశాడు. వారం దాటిన తరువాత శ్రవణ్ కుమార్ వేరే పనిమీద ఫోన్ చేసి, మాటల చివర అన్నాడు:

"అన్నట్టు, చైనా బయటే ఉంటుందండీ ఈసారికి. పటం గీసే అబ్బాయి వేరే చోటికి వెళ్లిపోయాడు. కొత్తగా గీయించే టైం లేదు. వచ్చే ఏడాది చూద్దాం."

"నా ఉత్తరం చదివిన్రా సర్?"

"ఏ ఉత్తరం?"

మమత, ఏమీ లేదని చెప్పి ఫోన్ పెట్టేసింది. వాకిట్లో దేవమ్మ బియ్యం చెరుగుతున్నది.

"ఉంచిన్రా, తీసిన్రా?"

"ఉంచిన్రు."

"మల్ల గా మొకమేంది?"

"నేను చెప్పినందుకు ఉంచలేదమ్మా. బొమ్మ గీసెటోడు లేడని ఉంచిన్రు. దొరికితే మల్ల మొదటికే."

దేవమ్మ చేట పక్కన పెట్టింది. ఓదార్చే మాట ఆమెకు ఎన్నడూ సులభంగా రాదు. "చాయ్ పెడత, ఉండు," అని లేచింది.

చాయ్ వచ్చేలోగా హరీష్ సందేశం వచ్చింది. "అక్కా, చైనా రేవు ఎప్పుడు తెరుస్తరు?"

"ఒక తరం గడవాలె," అని మమత జవాబు రాసింది.

"తరమంటే?"

"నీ రాజు పోయి, వాని కొడుకు గద్దెనెక్కాలె."

"గంతేనా? అయితే ఇప్పుడే మా రాజుకు విషం పెట్టిస్త."

అది నియమంలో ఆమెకు తోచని సందు. తండ్రికి విషం పెట్టించి గద్దెనెక్కినవాడి ఓడను ఆ కొలువు ఎలా రానిస్తుందని మమత ఉలిక్కిపడి, "ఒరేయ్, ఆగు," అని గబగబా రాసింది. అప్పటికే అతడు ఆటలోకి వెళ్లిపోయాడు.